అస్థివాణి చెప్పని చోటు

"ఆ పొడి నాలిక మీద పెట్టుకోవద్దు పాపా. ఎవురిదో, ఏ రోగంతో పోయిందో! నీకేమన్నా అయితే నేనేం గావల్ల?"

ఓబులమ్మ పొద్దుటినుంచీ ఈ మాటే అంటోంది. కూతురు ఇందుమతి నవ్వింది. "ఐదు నూర్లేండ్ల కింద సచ్చినామెకు ఇంకా రోగముంటాదా మా?"

మెక్సికోలో, ఎండిపోయిన సరస్సు మీద వేసిన గుడారం అది. అస్థివాణి అనే యంత్రం వచ్చాక లోకం తీరే మారిపోయింది. పోయినవాళ్ళ ఎముకను చిటికెడు నూరి, ఆ యంత్రంలో తడిపి, వినడానికి కూర్చున్న శ్రోత నాలుక మీద పెడితే చాలు. వాళ్ళ ఆఖరి గడియ శ్రోత ఒంట్లోకి దిగుతుంది. దాచిన నగలు, పొలం గట్ల తగాదాలు అన్నీ అలాగే తేలుతున్నాయి. కడపలో ఇప్పుడు శవాన్ని కాల్చేవాళ్ళే లేరు. రేపు అడగడానికి ఎముకలుండాలి కదా! తమ్ముడి కొడుకులు తండ్రి తొడ ఎముకను ఊరగాయ జాడీలో పెట్టి బీరువాలో దాచడం చూసిననాటినుంచి ఓబులమ్మకు అన్నం సయించడం లేదు. నన్ను మాత్రం బూడిద చెయ్యండని కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఇందుమతి పేరున్న శ్రోత. గుత్తేదారు నరసింహులు ఆమెను ఇంతదూరం తెచ్చింది అజ్టెక్ బంగారం కోసం. రాజుగారి ఖజానా దోచుకుని పారిపోతున్న స్పెయిన్ సైనికులు ఒకప్పటి ఈ సరస్సులోనే మునిగారనీ, బంగారమూ వాళ్ళతోనే పోయిందనీ కథ. దానికోసం తవ్వి తవ్వి ఎందరో మట్టిలో కలిశారు. నరసింహులు మాత్రం చచ్చినవాళ్ళనే అడిగి తెలుసుకుందామనుకున్నాడు. సైనికుల ఎముకలు భయం తప్ప ఏమీ చెప్పలేదు. నిన్న, భుజానికి మూటతాడు చుట్టుకున్న ఒక కూలి ఆడమనిషి ఎముకలు దొరికాయి. బంగారం మూట మోసింది ఆమేనని నరసింహులు లెక్క.

బూడిదరంగు ముద్ద కూతురి నాలుక మీద కరుగుతుంటే ఓబులమ్మ మొహం తిప్పుకుంది.

ఇందుమతి కళ్ళు మూసింది. తెరిచింది.

"ఏం పాపా, మూట యాడ పడింది?" నరసింహులు ముందుకు వంగాడు.

ఎండ గుడారం ఈ కొసనుంచి ఆ కొసకు జరిగింది. నీళ్ళు తాగించబోతే గుక్క దిగలేదు. ఆమె ఎడమ చెయ్యి నడుము దగ్గర వంగి బిగుసుకుపోయింది. కుడి చెయ్యి దాన్ని గట్టిగా అదుముకుని ఉంది.

"ఇంకో చిటికెడు ఏస్తే పలుకుతాదిలే అక్కా." నరసింహులు పెదాలు తడుపుకుంటూ ఎముకల పొడి గిన్నె అందుకున్నాడు. "ఇంత దూరమొచ్చి ఉత్తచేతుల్తో పోతామా?"

"ఛీ! సచ్చినోళ్ళను నాకించింది చాలక నా బిడ్డను గూడా సంపుతావా?"

ఓబులమ్మ గిన్నె లాక్కుని బయట మట్టిలో కుమ్మరించింది. చేతికంటిన పొడిని అసహ్యంగా చీరకు తుడుచుకోబోయింది. అదీ ఒక మనిషేనని తోచి చెయ్యి ఆగిపోయింది.

తిరిగొచ్చి కూతురి ముందు కూర్చుంది. అలా వంగిన చెయ్యి ఆమెకు తెలుసు. ఇందును చంకనేసుకుని తిరిగిన రోజుల్లో తన చెయ్యీ అట్లాగే ఉండేది. ఇందుమతికింకా పెళ్ళే కాలేదు.

"ఎవుర్ని ఎత్తుకున్యావు పాపా?"

ఇందుమతి పెదవులు కదిలాయి.

"ఆయమ్మ మూట ఇడిసిపెట్టింది మా. బిడ్డకు రెండు చేతులూ కావల్సొచ్చె. యాడ పడిందో తిరిగి సూళ్ళేదు... నువ్వొకసారి ఎత్తుకో మా, నా చెయ్యి లాగతాంది."