నదికి అవతల నేరం కాదు

"ఆ జాబితా నది దాటిందంటే మన చేతుల్లో ఏమీ ఉండదయ్యా!" అంది కల్నల్ సౌలే. "ఆసుపత్రి నుంచి పదకొండు వేలమంది హెచ్‌ఐవి రోగుల పేర్లు కొట్టేశారు. ఇవతల ఒడ్డున అది నేరం. అవతల ఏదో సమ్మతి కాగితం చూపిస్తే అమ్ముకునే సరుకు. అట్నుంచి మూడో దేశానికి చేరితే అడిగే చట్టమే లేదు."

"తెలుసు మేడం. ఆ మూడు చట్టాలూ పక్కపక్కన పెట్టి పట్టిక రాసింది నేనేగా," అన్నాడు ఏజెంట్ ఒరాల్‌బెక్.

"పెళ్ళాం పిల్లలు లేనివాడివి, నువ్వు కాక ఇంకెవడు రాస్తాడు!"

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. ఎందుకు లేరో ఆమెకు తెలియదు. ఆ పదకొండు వేల పేర్లలో ఒకటి అతనిదే. ఆరేళ్ళుగా ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం. సరిహద్దు నది మీది కొర్దాయ్ వంతెన దగ్గర టీ దుకాణం. టాక్సీ డ్రైవర్ వేషంలో ఒరాల్‌బెక్ మూలన కూర్చున్నాడు. ఎదుటి బల్ల దగ్గర ముగ్గురు విదేశీయులు, వాళ్ళ దుబాసీ చినారా. జీతం ఆ దొంగల ముఠాది, కబుర్లు కల్నల్‌కి. పేర్లన్నీ ఎక్కించిన చిప్ ముగ్గురిలో ఎవరి దగ్గరుందో ఆమే చెప్పాలి. తప్పు మనిషిని పట్టుకుంటే మిగతా ఇద్దరూ వంతెన దాటేస్తారు.

చినారా టీ పోసింది. ఇద్దరికి సగం గిన్నె. నెరిసిన గడ్డమాయనకు అంచుదాకా.

"అబ్బో, నామీద ఎంత అభిమానం!"

"పెద్దవారు కదండీ!"

ఒరాల్‌బెక్ నవ్వు ఆపుకున్నాడు. సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే తాగి లేచిపొమ్మని. ఇక్కడ పుట్టిన పసివాడికైనా తెలుసు.

వంతెన మీద సరిహద్దు తెల్లగీతకు రెండడుగుల ఇవతల గడ్డమాయన భుజం మీద చెయ్యిపడింది.

"టాక్సీ కావాలా తాతా?"

ముసలాయన చెవిమిషన్‌లో చిప్ దొరికింది. ఏమీ ఎరగనట్టు మిగతా ఇద్దరితో ముందుకు నడుస్తూ చినారా ఒరాల్‌బెక్ పక్కన ఒక్క క్షణం ఆగింది.

"జాబితా చదివానన్నా. మందులు మానకు."

అతను నోరు తెరిచేలోగా ఆమె గీత దాటేసింది. తన సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి అలా వెళ్ళిపోతుంటే ఒరాల్‌బెక్‌కు ఏడుపొచ్చింది.

వివరాలు దొంగల పాలైతే బాధితులందరికీ తెలియజేయాలని చట్టం. పదకొండు వేల ఉత్తరాలూ ఒరాల్‌బెక్ సంతకంతోనే వెళ్ళాయి: "మీ వివరాలు క్షేమం. మీరు ఒంటరివారు కారు."

వారం తర్వాత అతని ఇంటికీ ఒకటి వచ్చింది. ఏముందో తెలిసీ ఆత్రంగానే చించాడు. ఎన్నాళ్ళకో తనకొక ఉత్తరం వచ్చింది మరి, రాసినవాడు ఎవడైతేనేం!