కొండ దిగేటప్పటి మాట

…అంత మెత్తగా దిగుతుందని ఆయన అనుకోలేదు. అరచెయ్యి పెట్టి నొక్కితే చాలు, మాగిన మామిడిపండులో వేలు దిగినట్టు కారు క్లచ్ పెడల్ లోపలికి పోయింది. అంతకు ముందు అదే పెడల్ మొండి ఎద్దులాగా బిగదీసుకుని కూర్చునేది. మొండి ఎద్దు అన్నది ఎవరు? తనే. కోడలు వసంతతో అన్నాడు, కొడుక్కి వినపడాలని. మెత్తగా దిగింది. దిగాక, పక్కన నిలబడ్డ మనిషి పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ… ఈ ఏడాది మామిడి గంపల అడుగున గడ్డి సరిగా వేయడం లేదు. కాయ అడుగున దెబ్బ తింటుంది. పైకి కనపడదు.

"అయ్యా, ఎవరో వచ్చినారు. తిరుపతోళ్ళంట," అంది వంటమనిషి సిద్ధమ్మ.

మునిరామయ్య నాయుడు కళ్ళు తెరిచాడు. చిత్తూరులో మామిడికాయల మండీ, రెండు లారీలు, ఈ మిద్దె ఆయనవి. ఒక్కగానొక్క కొడుకు చెంగల్రాయుడు కూడా ఆయనవాడే, పదకొండు రోజుల క్రితం వరకు. తిరుమల నుంచి ఘాటు రోడ్డు దిగుతూ వాడి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మలుపు తప్పి లోయలో పడింది.

వచ్చినవాళ్ళలో పెద్దాయన సన్నగా, నెరిసిన క్రాపుతో ఉన్నాడు. పేరు ధనంజయ, ప్రైవేటు పరిశోధకుడు. రెండో అతను ఆయన సహాయకుడు బాలసుబ్రమణ్యం. కాగితం, పెన్సిలు పట్టుకుని గురువు ముఖంలోకి చూస్తున్నాడు, వాన కోసం ఆకాశం చూసే రైతు లాగా.

"మెకానిక్ రాజారత్నం భార్య ఆనందమ్మ నా దగ్గరికి వచ్చిందండీ," అన్నాడు ధనంజయ. "వణికిపోతోంది పాపం. మీ ఫిర్యాదు మీద అతన్ని లాకప్పులో పెట్టారు కదా."

"పెట్టరా మరి? మిలిటరీ లారీలోంచి ఊడదీసిన డబ్బా తెచ్చి నా బిడ్డ కారుకు బిగించినాడు. అది చెడిపోయింది. వాడు పోయినాడు. ఇంకేముండాది పరిశోధించేదానికి?"

"ఆ డబ్బా ఎందుకు బిగించాల్సి వచ్చింది?"

నాయుడు చెప్పాడు. రెండేళ్ళ కిందట ఆ కారుకే ప్రమాదం జరిగి చెంగల్రాయుడి ఎడమ కాలు విరిగింది. పుత్తూరులో కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది కానీ కాలికి మునుపటి బలం రాలేదు. ఆ కారు క్లచ్ మహా బరువు. ఆ కాలితో తొక్కలేక బండిని షెడ్డులో పెట్టేశాడు. సర్వో అనే ఆ డబ్బా బిగిస్తే తొక్కుడు తేలికవుతుంది.

"ఎవరు చేయించారు?"

"వాడే. ఇంకెవరు చేయిస్తారు?"

"రాజారత్నం దాని గురించి మీకేమైనా చెప్పాడా?"

"మెకానిక్కుతో నాకేం మాటలు?" ఆ మాట అంటుండగా నాయుడి చూపు వాకిట్లో ఆరబెట్టిన గంపల మీదికి పోయింది. ధనంజయ మళ్ళీ అడగలేదు.

కారును చూపించమన్నారు. నాయుడు మొలతాడుకు కట్టుకున్న తాళంచెవితో షెడ్డు తలుపు తీశాడు. పోలీసులు దాన్ని ఎద్దుల బండ్ల మీద తెచ్చి అక్కడ పడేశారు. ముందు భాగం నలిగిపోయింది. ధనంజయ వంగి ఒక్కొక్కటే చూస్తూ చెప్పసాగాడు.

"రాసుకో. స్విచ్చి ఆపి ఉంది. గేరు న్యూట్రల్లో ఉంది. బ్రేకు డ్రమ్ములు కాలి నీలం తిరిగాయి. టాంకీలో పెట్రోలు సగానికి పైనే ఉంది. సర్వో గొట్టం ఎక్కడా తెగలేదు."

"స్విచ్చి పోలీసులు ఆపి ఉంటారేమో సార్?" అన్నాడు బాలసుబ్రమణ్యం.

"తిప్పి చూడు."

స్విచ్చిలో తాళంచెవి వంగి ఇరుక్కుపోయి ఉంది, తిరగలేదు. బాలసుబ్రమణ్యం సిగ్గుపడి, ఆ వెంటనే సంతోషపడి రాసుకున్నాడు. నాయుడికి ఆ కుర్రవాడి సంతోషం భరించరానిదిగా తోచింది. వీడికీ ఒక తండ్రి ఉండి ఉంటాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ఉండి ఉంటారు.

సిద్ధమ్మను అడిగితే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తరువాత చెప్పింది.

"చిన్నయ్య నాలుగు దినాలు మద్రాసు పోయింటే ఆ పని జరిగినాది సామీ. నేను మజ్జిగ ఇచ్చేదానికి పోతే, రాజారత్నం చేత్తో తాళం తిప్పినట్ల జేసి, తలకాయ అడ్డంగా ఊపతా ఉన్న్యాడు."

"ఎవరితో మాట్లాడుతూ?"

సిద్ధమ్మ నాయుడి వైపు చూసింది. "నాకు సరిగ్గా కనపళ్ళేదు సామీ."

"సరే. చెంగల్రాయుడు కొండకు బయల్దేరిన పొద్దున?"

"మా అయ్య బయటికొచ్చినాడు. కారు మడ్‌గార్డు మీద చెయ్యేసి ఇంతసేపు నిలబడినాడు. 'సిద్ధమ్మా, ఎండ ముదిరింది' అన్న్యాడు. లోపలికి పోయినాడు."

"అది నీతో అన్నాడా, కొడుకుతోనా?"

"నాతో అన్నట్టే, ఆయప్పకు వినపడాలని. వాళ్ళ మాటలే అట్లుంటాయి. అయ్యేమో కోడలమ్మతో అంటాడు. చిన్నయ్యేమో గోడకు జవాబు చెప్తాడు. మధ్యలో ఆ తల్లి, పోస్టుమాను మాదిరి."

కోడలు వసంతమ్మ అప్పుడు ఇంట్లో లేదు. చెల్లెలి కాన్పుకని గూడూరు పోయి పదిహేను రోజులుంది. ఆమె ధనంజయ చేతికి ఒక జాబు ఇచ్చింది. భర్త రాసిన చివరి జాబు. 'కారు పని నువ్వే చేయించినావని నాకు తెలుసు. పెడల్ వెన్నలాగా ఉంది. కొండకు పోయి తలనీలాలిచ్చి, నేరుగా గూడూరు వచ్చి నిన్ను పిలుచుకుని వస్తా.'

"నువ్వు చేయించావా అమ్మా?"

"లేదండీ," అంది వసంతమ్మ. "ఎవరు చేయించినారో నాకు తెలీదు."

మూడో రోజు పొద్దున షెడ్డు ముందు అందరూ చేరారు. రాజారత్నాన్ని వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆనందమ్మ తలుపు చెక్కకు ఆనుకుని నిలబడింది. నాయుడు కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ తనను నేరస్థుడిలా చూడకపోవడం ఆయనకు వింతగా ఉంది.

ధనంజయ కారులోంచి విప్పిన సర్వోను బల్ల మీద పెట్టి, దాని గొట్టం బాలసుబ్రమణ్యానికి ఇచ్చాడు. "నోటితో గట్టిగా పీల్చు."

అతను పీల్చాడు. డబ్బాలోని కమ్మీ లోపలికి జరిగింది. ఊపిరి బిగబట్టినంతసేపు అట్లే నిలిచింది. ముఖం ఎర్రబడి వదిలేయగానే ఉస్సుమని వెనక్కి జారింది.

"ఇది చెడిపోలేదు," అన్నాడు ధనంజయ. "రాజారత్నం పనిలో లోపం లేదు. ఇంజన్ గాలి పీలుస్తూ ఉన్నంతసేపే ఈ డబ్బా కాలికి సాయం చేస్తుంది. ఇంజన్ ఆగితే ఒక్క తొక్కుడుకు సరిపడా బలం మిగులుతుంది. ఆ తరువాత పాత బరువే. చెంగల్రాయుడు ఇంజన్ ఆపి కొండ దిగాడు."

"ఎందుకు ఆపుతాడండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పెట్రోలుకు రేషను కూపన్లు పెట్టినప్పటి నుంచి ఈ జిల్లాలో దిగువ వస్తే ఇంజన్ ఆపి, గేరు తప్పించి వదలని డ్రైవరు ఎవరున్నారు? మీ జీపు డ్రైవరుని అడగండి. అలవాటు కొద్దీ ఆపాడు. సగం దిగేసరికి బ్రేకులు కాలి పట్టు తప్పాయి. గేరు వేసి ఇంజన్‌తో బండిని నిలుపుదామనుకున్నాడు. ఒకసారి తొక్కాడు, దిగింది, కానీ ఆ వేగంలో గేరు పడలేదు. రెండోసారి…" వసంతమ్మను చూసి ధనంజయ ఆగిపోయాడు.

'దిగువలో పెట్రోలు కాల్చేదెందుకురా? బండి దానంతటదే పోతాది.' పద్దెనిమిదేళ్ళ వాడిని లారీలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఎవరు? నాయుడే. అప్పుడు వాడు నవ్వాడు. మాటలున్న రోజులు. తరువాత పుత్తూరులో కట్టు కడుతుంటే, అంతమంది ముందు తన నోటి నుంచి ఒక మాట వచ్చింది. 'రెండో కాలు గూడా ఇరిగింటే ఇంటిపట్టున పడి ఉందువు.' కోపంతో కాదు, భయంతో అన్నాడు. ఆ తేడా వాడికి ఎవరు చెబుతారు?

"మిగిలింది ఒక ప్రశ్న," అంటున్నాడు ధనంజయ. "ఇంజన్ ఆపకూడదని రాజారత్నానికి తెలుసు. సిద్ధమ్మ చూసింది దాన్నే. తాళం తిప్పొద్దని సైగ చేస్తూ అతను ఎవరికో చెప్పాడు. ఆ నాలుగు రోజులూ కొడుకు మద్రాసులో, కోడలు గూడూరులో. షెడ్డు తాళంచెవి ఒక్కరి మొలతాడుకే ఉంటుంది." ఆయన గొంతు తగ్గింది. "చేయించింది మీరే నాయుడుగారూ. మాటలు లేని కొడుకుకు, పేరు చెప్పకుండా ఇచ్చారు."

వసంతమ్మ తల ఎత్తి మామగారిని చూసింది.

"నువ్వు ఈయనకు చెప్పినావా?" ఇన్‌స్పెక్టరు రాజారత్నాన్ని గద్దించాడు. "ఇన్నాళ్ళూ నోరెందుకు మూసుకున్నావు?"

రాజారత్నం నేల చూస్తూ అన్నాడు: "బిడ్డ పోయిన మనిషి సార్. ఆయన లేదంటే లేదనే."

"నీ మంచితనం మండా!" అంది ఆనందమ్మ తలుపు దగ్గర్నుంచి ఏడుస్తూ. "నీకూ ఇద్దరు బిడ్డలుండారు గదయ్యా!"

కొడుకు కొండకు బయల్దేరిన ఆ పొద్దున నాయుడు చెప్పడానికే బయటికి వచ్చాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే చేయించింది తనేనని వాడికి తెలిసిపోతుంది. వాడు వసంత చేయించిందని అనుకుంటున్నాడు, అట్లే అనుకోనీ. వసంత వస్తుంది కదా, వసంతతో చెప్పిస్తాలే. మడ్‌గార్డు వెచ్చగా ఉంది. ఎండ ముదిరింది, అన్నాడు. వాడు గోడ వైపు చూసి, ఆగి, 'ముదిరింది' అన్నాడు. రెండేళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నది అదే.

"రేపు ఇతన్ని కోర్టులో హాజరు పరచాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఈసారి మెల్లగా. "రాజారత్నం మీకేం చెప్పాడో మీ నోటితో చెబితే ఇతన్ని ఇప్పుడే వదిలేస్తాను. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

నాయుడు అలవాటుగా కోడలి వైపు తిరిగాడు. "వసంతా, ఇన్‌స్పెక్టరుకు చెప్పమ్మా…"

వసంతమ్మ కదలలేదు. "నేను చెప్పను మామా," అంది. "ఎవురికి చెప్పాలనుకున్నారో ఆయనకే చెప్పండి."



నాయుడు కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. షెడ్డులోకి నాలుగు అడుగులు. నలిగిన మడ్‌గార్డు మీద, అప్పుడు పెట్టిన చోటే, చెయ్యి పెట్టాడు. లోపల డ్రైవరు సీటు తోలు చిరిగి, కొబ్బరిపీచు బయటికి వచ్చి ఉంది. ఆయన దాని వైపు వంగాడు.

"నాయనా," అన్నాడు, అందరికీ వినపడేటట్టు. "కొండ దిగేటప్పుడు ఇంజన్ ఆపొద్దు."