నిద్రపోయే వాల్వు

"నిన్నొక మీటింగుకి పంపుతున్నాను," అన్నాడు చీఫ్.

ఏజెంట్‌కి ఒళ్ళు మండింది. పదిహేడేళ్ళ సర్వీసు. నడిచే రైల్లోంచి దూకినవాడు, మూడు దేశాల పోలీసుల కళ్ళు కప్పినవాడు. ఇప్పుడు నీళ్ళ ప్లాంటులో వాల్వులకి ఏ రేడియో పెట్టాలో తేల్చే కమిటీ దగ్గర ఎలక్ట్రీషియన్ వేషమా! ఇంతకన్నా గాడిదలు కాచుకోవడం నయమనుకున్నాడు.

"ఆ మొహమేంటి?" అంటూ చీఫ్ ఫైలు తోశాడు. "షార్ట్‌లిస్టులో రెండు రేడియో ప్రొటోకాల్స్ మిగిలాయి. రెండూ చిన్న బ్యాటరీతో ఏళ్ళ తరబడి నడిచేవే. మొదటిదాంట్లో ఒక్కో డివైసుకి ఒక్కో తాళం. రెండోది విదేశీ ముఠాది. అన్నిటికీ ఒకటే తాళం, దాని నకలు వాళ్ళ జేబులో. ఇవాళ పదకొండింటికి మొదటిదాని డెమో. అది అభాసుపాలైతే రెండోది ఊరంతా పెడతారు."

"ఎలా చేస్తారు?"

"క్లోరిన్ గదిలో గ్యాస్ వదిలే వాల్వుని రేడియోతోనే తెరుస్తారు. లోపల డ్యూటీలో ఎవరున్నారో తెలుసుగా?"

తెలుసు. అక్క మొగుడు.

"బావని బయటికి రమ్మంటే?"

"ముఠా జారుకుంటుంది. మీ అక్కకి కూడా చెప్పకు. కమిటీకి సలహాలిచ్చే ఒకావిడ మన మనిషే. కోడ్: 'ఫ్యాన్ తిరగట్లేదా?' జవాబు: 'తిరుగుతోంది, గాలే రావట్లేదు.'"

కమిటీ గదిలో ఏడు కుర్చీలు, ఏడు ఫైళ్ళు ఉన్నాయి. ఒక్క ఫైలూ ఎవరూ విప్పిన పాపాన పోలేదు. రేడియో తరంగాలకి తుప్పు పడుతుందా అని ఒక మెంబరు అడిగాడు. చెప్పేవాడికి బుద్ధి లేకపోతే వినేవాడికైనా ఉండాలంటారు. గుమాస్తా దాన్ని శ్రద్ధగా రాసుకున్నాడు.

"వాల్వు పది సెకన్లకోసారి నిద్ర లేవాలన్నారండీ," ఛైర్మన్ మీసం దువ్వాడు. "నేనే నలభై చేయించా. ఊరికే లేస్తే బ్యాటరీ ఏమవ్వాలి? లేచి, ఆ రిలే పెట్టెని 'నాకేమన్నా ఉందా?' అని అడిగి మళ్ళీ పడుకుంటుంది. మా ఆఫీసులో సగం మంది ఇంతే!"

అందరూ నవ్వారు. నవ్వకపోతే ప్రమోషన్ ఉండదు.

అప్పుడు కన్సల్టెంట్ వచ్చింది. ఆవిడకన్నా ముందు సెంటు వచ్చింది. ఏడు పొట్టలు ఒక్కసారిగా లోపలికి పోయాయి.

"ఫ్యాన్ తిరగట్లేదా?" అంది, పచ్చరాళ్ళ లోలకులు ఊపుతూ.

"తిరుగుతోంది, గాలే రావట్లేదండీ."

ఆవిడ నవ్వింది. ఏజెంట్ కూడా ఓ క్షణం పొట్ట లోపలికి లాక్కున్నాడు. అందుకు తర్వాత సిగ్గుపడ్డాడు.

గోడమీది తెరలో క్లోరిన్ గది కనిపిస్తోంది. బావ సిలిండర్ల మధ్య నిలబడి తీరిగ్గా చెవి గోక్కుంటున్నాడు. మాస్కు మేకుకి వేలాడుతోంది.

పదకొండుకి నిమిషం ఉందనగా ఏజెంట్ జేబులో టెస్టర్ ఎర్రగా వెలిగింది. చూడ్డానికి టెస్టరే, నిజానికి స్నిఫర్. నెట్‌వర్క్‌లో కొత్త డివైసు ఏది చేరినా పసిగడుతుంది. తలెత్తి బీరువా పైనున్న రిలే పెట్టె చూశాడు. పచ్చలైటు మినుకుమంటోంది. అంటే కొత్తవాటిని చేర్చుకునే తలుపు బార్లా తెరిచి ఉంది! నిమిషం తెరిచి వెంటనే మూసేయాలి. బటన్ నిచ్చెన ఎక్కితే గాని అందదు. మాటిమాటికీ ఎవడెక్కుతాడని కాంట్రాక్టరు మనుషులు మూడు రోజులుగా దాన్ని అలాగే వదిలేశారు. బద్ధకస్తులు! దొంగ చేతికి తాళంచెవి ఇచ్చారు.

టెస్టర్ ఆవిడ చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం వైపు తిప్పగానే ఎరుపు చిక్కబడింది. ఆ కొత్త డివైసు అదే! రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషి!

"లేటైందోయ్," ఆవిడ పెదవి కదపకుండా గొణిగింది. "ఆర్డరు వెళ్ళిపోయింది. నీలాంటి పాతకాలపు వాళ్ళకి రైళ్ళ మీంచి దూకడమే వచ్చు."

ఏజెంట్‌కి అక్క మొహం కళ్ళముందు కదిలింది. వెంటనే ఛైర్మన్ చేయించిన నలభై సెకన్లు గుర్తొచ్చాయి. ఆర్డరు ఇంకా రిలే పెట్టెలోనే కూర్చుంది! వాల్వు లేవలేదు. డెమో కోసం బల్ల మీద పెట్టిన లాప్‌టాప్‌లో, అది లేవడానికి మిగిలిన టైము కనిపించింది: తొమ్మిది సెకన్లు.

నిచ్చెనకి టైము లేదు. రిలే వైరు గోడ వెంట కిందికి దిగి ఛైర్మన్ కుర్చీ వెనక ప్లగ్గులో దూరింది.

"కొంచెం లేస్తారా సార్!"

"ఏంటయ్యా, డెమో జరుగుతుంటే..."

నాలుగు. కుర్చీని ఛైర్మన్‌తో సహా పక్కకి నెట్టాడు. ఫైళ్ళు ఎగిరాయి. రెండు. ప్లగ్గు పట్టుకుని పీకాడు.

ఒకటి.

వాల్వు లేచింది. అడిగింది. పలికే దిక్కు లేక మళ్ళీ పడుకుంది. తెర మీద బావ రెండో చెవి గోక్కున్నాడు.

ఏజెంట్ సైగ చేయగానే వచ్చిన గార్డులు తలుపు దగ్గర ఆవిడ చేతులకి బేడీలు వేస్తుంటే ఏడుగురూ నోరెళ్ళబెట్టి చూశారు. తర్వాత తేరుకుని, డెమోకి అంతరాయం కలిగించిన ఎలక్ట్రీషియన్‌కి మెమో ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ కమిటీ తేల్చిన మొదటి విషయం అదే.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. ఆయన లెక్కలో బామ్మర్ది బీమా ఆఫీసు గుమాస్తా.

"ఏరా, విన్నావా? ఎవడో తలమాసిన ఎలక్ట్రీషియన్ మా ప్లగ్గు పీకేశాడట. అలాంటి వెధవల్ని ఎక్కణ్ణుంచి పట్టుకొస్తారో!"

"అవును బావా," అన్నాడు ఏజెంట్, గొంతు సవరించుకుని. "నువ్వా మాస్కు పెట్టుకోవచ్చుగా?"

"పోరా! మీసం నలిగిపోతుంది."