రెక్క కొసన గ్లాస్ ఫైబర్

"విమానాల గురించి నాకు ఓనమాలు కూడా రావురా. అంతా నువ్వే చూసుకోవాలి," అన్నాడు చీఫ్. ఆయన ఏజెంటుకి స్వయానా అక్క మొగుడు. ఈ ఉద్యోగంలో పెట్టిందీ ఆయనే. "రాడార్ సైంటిస్టు పెద్దాయన తన షెడ్డులో సొంతంగా విమానం కట్టుకుంటున్నాడు. విదేశీ ముఠా ఆయన్ని లేపేయాలని చూస్తోంది. నువ్వు హెల్పర్‌గా చేరు. అక్కడో మేడమ్ ఉంది. డబుల్ ఏజెంట్. కన్నేసి ఉంచు."

ఏజెంటు ఫోమ్ కోశాడు, గుడ్డ పరిచాడు, ఎపాక్సీ పూశాడు. చేతుల బంక వదిలించుకునేసరికి తాతలు దిగొచ్చారు. మేడమ్ మాత్రం లిప్‌స్టిక్ చెదరకుండా అతనికన్నా నున్నగా రెక్క తీర్చింది.

రెక్క కొసకి నల్లటి కార్బన్ గుడ్డ వేయబోతుంటే బావ తనిఖీకి వచ్చాడు. "కొసకి గ్లాస్ ఫైబర్ చాల్లేరా, కార్బన్ వద్దు," అని, అందర్నీ కాఫీకి పంపి షెడ్డుకి తానే కాపలా ఉన్నాడు. తన కోసం బావ విమానాల పాఠం కూడా చదివాడని మురిసిపోయాడు వెర్రిబాగులవాడు.

తొలిసారి ఎగరాల్సిన రోజు ఏజెంటు నాణెంతో రెక్కంతా తట్టి చూస్తున్నాడు. పొరలు గట్టిగా అతుక్కున్న చోట టంగుమంటుంది. కొస దగ్గర మొద్దుగా మోగింది. కోసి చూస్తే లోపల బాంబు, దానికో రేడియో రిసీవర్.

మెడకి పిస్టల్ తగిలింది.

"నేను వెతుకుతున్నది అదే," అంది మేడమ్.

"నువ్వు పెట్టింది కాదా?"

"నేనే పెడితే వెతకడమెందుకు? నన్ను ముఠాలోకి పంపింది మీ చీఫ్ పైవాళ్లే. కార్బన్‌లోంచి రేడియో సిగ్నల్ దూరదు. కొసకి గ్లాస్ వేయమన్నదెవరు?"

"మా బావ," అన్నాడు ఏజెంటు.

రిసీవర్ ఊడదీసి, బాంబుని ఇసుకలో పాతిపెట్టారు. విమానం ఎగరదు, సైంటిస్టు దాన్ని రన్‌వే మీద పరుగెత్తిస్తే చాలు, బటన్ ఎవరు నొక్కుతారో తేలిపోతుంది. రెండో సీట్లో ఏజెంటే ఎక్కాలని బావ ఆర్డర్. అతని హెల్మెట్ పెట్టుకుని మేడమ్ ఎక్కింది.

బావ కంచె దగ్గర నిలబడి విమానానికి ఆప్యాయంగా చెయ్యి ఊపాడు. ఏజెంటు డ్రమ్ముల చాటున గుప్పిట్లో రిసీవర్ పట్టుకుని ఉన్నాడు. సిగ్నల్ అందితే దాని ఎర్ర లైటు వెలుగుతుంది. వెలగొద్దు, వెలగొద్దు అని మొక్కుకున్నాడు. సీట్లో ఉన్నది తనేననేగా బావ అనుకుంటున్నది! అక్క మొహమైనా గుర్తురాదా?

విమానం వేగం అందుకుంది. లైటు వెలిగింది. మళ్లీ వెలిగింది. పైనున్న లిఫ్టు రావట్లేదని బటన్ నొక్కేవాడిలా జేబులో చెయ్యి పెట్టి నొక్కుతూనే ఉన్నాడు బావ.

ఏజెంటుకి ఏడుపొచ్చింది. అలాగే వెళ్లి ఆయన వీపుకి పిస్టల్ ఆనించాడు. "చాల్లే బావా. బ్యాటరీ అయిపోతుంది."

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా నాలుక ఊరుకోదుగా. "కాల్చకురా! బావమరిది బతక కోరతాడంటారు."

"నిజమే," అన్నాడు ఏజెంటు బేడీలు వేస్తూ. "బావ ఏం కోరతాడో మాత్రం నాకెవరూ చెప్పలేదు."