పార్కింగులో నాలుగు మూలుగులు

మా అపార్ట్‌మెంటు కింద, నేలమాళిగ పార్కింగులో, చివరి స్తంభం దగ్గరికి చీకటిపడ్డాక ఎవరూ వెళ్ళరు. అక్కడేదో ఉందని పేరు.

మొదటి అంతస్తు పిన్నిగారు నాకు చెవిలో చెప్పారు. రాత్రి పదిన్నరకి గాలి కిటికీలోంచి ఒక మూలుగు వినిపిస్తుందట... వెంటనే దబ్‌మని చప్పుడు. మళ్ళీ మూలుగు — మళ్ళీ దబ్. సరిగ్గా నాలుగుసార్లు. ఆ తర్వాత ఒక ఆడగొంతు గొణుగుతుందట.

"ఏమని పిన్నిగారూ?"

"చిన్నాడు లేడు... పెద్దది లేదు... అని. ఏ తల్లో, పాపం."

మా కారు ఆగేది ఆ స్తంభం పక్కనే.

ఈ మాట మా పిల్లల చెవిన పడింది. కారెక్కమంటే ఇద్దరూ ఏడుపు. చిన్నాడికైతే రాత్రిళ్ళు నిద్రే పట్టడం లేదు. వాళ్ళ నాన్నది నైట్ డ్యూటీ. అయినవాళ్ళందరికీ దూరంగా పిల్లల్ని పెంచుతున్నదాన్ని, వాళ్ళకి అబద్ధం చెప్పకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. దెయ్యాలు లేవని ఏ ఆధారంతో చెప్పను?

శనివారం కారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను, తలుపులు కిర్రుమంటున్నాయని. అతను రబ్బరు తుడిచి తలుపు తీశాడు — మూలిగింది. తలుపు మడతబందులకి నూనె వేశాడు — మూలిగింది. తలుపు మరీ బార్లా తెరుచుకోకుండా ఆపే ఇనప పట్టీ మీద వేలు ఆనించి, మెల్లగా ఆడించాడు.

"ఇదేనమ్మా, ఎండిపోయింది." గ్రీజు రాశాడు. మూలుగు ఆగింది. "నాలుగూ ఇలాగే ఏడుస్తున్నాయి. రోజుకి ఎన్నిసార్లు తీస్తారేంటి?"

"ఎక్కువేం కాదు బాబూ. రాత్రి పదిన్నరకి ఒక్కసారి... పిల్లలు సీట్లో నిద్రపోయి ఉండిపోయారేమోనని నాలుగు తలుపులూ తీసి, చిన్నాడు లేడు, పెద్దది లేదు అని..."

అక్కడ ఆగిపోయాను.

"అప్పటికి పిల్లలు ఎక్కడుంటారమ్మా?"

"పైన. నేనే పడుకోబెట్టి వస్తాను."

అతను చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

ఆ రాత్రి పిల్లల్ని మంచం మీద కూర్చోబెట్టి ఒప్పేసుకున్నాను. ఆ దెయ్యాన్ని నేనే. మిమ్మల్ని పడుకోబెట్టి, తాళం వేసి, పది నిమిషాలు కిందికి వెళ్ళొస్తాను. ఇక వెళ్ళను.

పెద్దది పొట్ట పట్టుకుని నవ్వింది. చిన్నాడు మాత్రం నవ్వలేదు. మెల్లగా అడిగాడు —

"మరి ఆ పది నిమిషాలూ... నా తల నిమిరేది ఎవరమ్మా?"