అత్తకు చలి

బెంగుళూరు పీణ్యలో మేమున్న రేకుల ఇంట్లో ఫ్రిజ్జు పెట్టడానికి ఒక్కటే చోటు. ముందు గదిలో, తలుపు వెనక మూల. పెద్ద ప్లగ్గు పట్టే పాయింటు ఆ గోడకే ఉండేది మరి. మా కళ్యాణికి ఏడో ఏట షుగరు జబ్బని తేలినప్పుడు ఆ ఫ్రిజ్జు కొన్నాం, సెకండ్ హ్యాండుది. రోజూ సూది వెయ్యాలి, ఆ మందు చల్లగా ఉండాలి, ఎండాకాలం రేకుల కింద వదిలేస్తే చెడిపోతుందని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. పాలూ పెరుగూ తర్వాతి సంగతి. మా ఇంట్లో ఫ్రిజ్జంటే పాప ప్రాణం.

మా అత్త కదిరమ్మకు మాత్రం దానితో పడేది కాదు. ఆమెది చలి ఒళ్ళు. బెంగుళూరు వచ్చి ఇన్నేళ్ళయినా ఎండాకాలంలో కూడా ఆకుపచ్చ స్వెట్టరు విప్పేది కాదు. ఫ్రిజ్జు తలుపు తీస్తే చాలు, "మూయే తల్లీ, ఇల్లంతా మంచు చేస్తాండావు" అని గదమాయించేది. అయితే ఫ్రిజ్జు వెనక నల్లటి జాలీ ఉంటుంది చూడండి, మోటారు తిరిగితే అది వెచ్చబడుతుంది. ఆ సంగతి కనిపెట్టిన రోజు నుంచీ ఆమె చాప ఆ మూలకే చేరింది. మనవరాలిని పొట్టలో పెట్టుకుని, జాలీ వైపు వీపు తిప్పి పడుకునేది. "ముందర తిట్టేదీ నువ్వే, వెనక కాచుకునేదీ నువ్వే" అని నేను ఆటపట్టిస్తే బోసినోటితో నవ్వేది. కళ్యాణికి అవ్వ పక్కన లేకపోతే నిద్ర పట్టేది కాదు.

రెండు వేల మూడులో, శివరాత్రి వెళ్ళిన వారానికి అత్త పోయింది.

ఆడబిడ్డ పూణే నుంచి రావాలి. ఆమె వచ్చేదాకా ఉంచాలని అద్దాల ఐసుపెట్టె అద్దెకు తెచ్చారు. దానికీ కరెంటు కావాలి. ఉన్న పాయింటు ఒక్కటే కాబట్టి ఫ్రిజ్జు ప్లగ్గు పీకి, దాన్ని పక్కకు జరిపి, అక్కడే పెట్టె ప్లగ్గు పెట్టారు. మందు సీసాలు పక్కింటి శాంతమ్మ ఫ్రిజ్జులో దాచాం. ఒక పగలూ ఒక రాత్రీ అత్త ఆ పెట్టెలో ఉంది. అద్దానికి లోపలివైపు మంచు పట్టింది. కళ్యాణి ఆకుపచ్చ స్వెట్టరు తెచ్చి, "అవ్వకు చలి గదమ్మా, తొడుగు" అని నా కొంగు పట్టుకుని లాగింది. ఎవరో పాపను అవతలికి ఎత్తుకుపోయారు.

కర్మలయ్యాక ఫ్రిజ్జు మళ్ళీ తన మూలకు వచ్చింది. ఆ వారంలోనే పాలు విరిగాయి.

మొదట మా ఆయన ఆదినారాయణప్ప పూనుకున్నాడు. ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని చేస్తాడు, యంత్రమంటే తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. లోపలి నాబు చివరిదాకా తిప్పాడు. ఫ్రిజ్జును గోడకు ఇంకొంచెం ఎడంగా జరిపాడు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూశాడు, రబ్బరు వదులైతే కాగితం ఊరికే వచ్చేస్తుందట. రాలేదు. ముందు కాళ్ళ కింద అట్టముక్కలు దోపి, తలుపు దానంతటదే మూసుకునేలా చేశాడు. తెల్లారికి పెరుగు పులిసి కూర్చుంది.

తర్వాత మెకానిక్ హనుమంతు వచ్చాడు. స్టెబిలైజరు ముల్లు చూశాడు, సరిగ్గానే ఉంది. రబ్బరును వేణ్ణీళ్ళతో కడిగాడు. థర్మోస్టాట్ మార్చాడు. మరోసారి వచ్చి గ్యాసు నింపాడు. అతనున్నంతసేపూ ఫ్రిజ్జు బుద్ధిగా చల్లబడేది. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, మళ్ళీ మొదటికి వచ్చేది. ప్రతిసారీ ఈసారి బాగైందనుకుని మందు సీసాలు అందులోనే ఉంచాం. చివరిసారి వచ్చినప్పుడు జాలీ మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తల గోక్కున్నాడు.

"అక్కా, మోటారు తిరగతా ఉండాది. వెనక జాలీ కాలతా ఉండాది. అంటే లోపల చలి తయారైతా ఉండాదనే లెక్క."

"తయారైతే ఏదప్పా మరి?"

"అదే నాకూ తెలీలేదక్కా. ఆ చలి యాడికో పోతాంది."

"దానికేం కాళ్ళుండాయా పోనీకి?" అని నేను పకపకా నవ్వాను.

నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. పాప నీరసపడిపోయింది. చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది, లేచి నాలుగడుగులు వేస్తే తూలేది. డాక్టరమ్మ రక్తం చూసి, "మీరు వేస్తున్న మందు చెడిపోయిందమ్మా. ఇంకా ఇలాగే జరిగితే పాప స్పృహ తప్పుతుంది" అంది. కొత్త సీసా కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి శాంతమ్మ ఇంటికి తాళం. పొద్దుగూకే వేళకు వస్తారని ఎదురింటివాళ్ళు చెప్పారు. అందాకా అనుకుని, మా ఫ్రిజ్జులోనే పెట్టాను.

సాయంత్రం మబ్బు కమ్మింది. మా ఆయన సెకండ్ షిఫ్టుకు పోయాడు. కళ్యాణి అవ్వ చాప పరుచుకుని, ఆ మూలే పడుకుంది. దీపాలు పెట్టే వేళకు రేకుల మీద వాన దడదడమని మొదలైంది. కరెంటు పోయింది. నేను వంటింట్లో కొవ్వొత్తి కోసం తడుముకుంటున్నాను.

వాన చప్పుడు కింద ఇంకో చప్పుడు వినిపించింది. సన్నగా, ఆగకుండా... గుర్ర్... గుర్ర్...

ఫ్రిజ్జు మోటారు.

కరెంటు లేదు. మోటారు తిరుగుతోంది.

కొవ్వొత్తి పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. ఏదో వాసన. తడిసిన ఉన్ని, దంచిన వక్కాకు కలిసిన వాసన. అది ఎవరి వాసనో నా ముక్కుకు తెలుసు, నేనే ఒప్పుకోలేదు. ఫ్రిజ్జు తలుపు తీశాను. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. పొద్దున కొన్న మందు సీసా చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.

అప్పుడు పాదాలకు చలి తగిలింది.

నేల మీద నుంచి వస్తోంది. చాప వైపు నుంచి... కొవ్వొత్తి వంచి చూశాను. కళ్యాణి చాపలో ఒక అంచుకు ఒదిగి పడుకుంది. రెండో సగం ఖాళీ. ఆ ఖాళీ తెల్లగా ఉంది. మంచు. మనిషి పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నంత మేర... మంచు. పాప ఊపిరి పొగలాగా బయటికి వస్తోంది.

"కళ్యాణీ..."

పాప కళ్ళు తెరిచింది. పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"అరవొద్దమ్మా... అవ్వ ఇప్పుడే పండుకుండాది."

నిజం చెప్తున్నాను, భయం కంటే ముందు నాకు కోపం వచ్చింది.

"అత్తా," అన్నాను గుసగుసగా. "నీకు చలేస్తే నన్ను పట్టుకో. నా బిడ్డ మందు జోలికి రావద్దు. అది బతకాల."

మోటారు టక్కున ఆగింది.

పాపను లాగాను. రాలేదు. దాని కుడి చెయ్యి చాప మీదే బిగుసుకుని ఉంది, ఎవరి చేతిలోనో ఉన్నట్టు. రెండోసారి లాగితే వదిలింది. ఎత్తుకుని వానలోనే శాంతమ్మ ఇంటికి పరిగెత్తాను. వాళ్ళప్పుడే వచ్చి తాళం తీస్తున్నారు.

"శాంతక్కా, నీ దగ్గర దాచిన మందు ఒక్కటైనా మిగిలి ఉండాదా?"

దేవుడు చల్లగా చూశాడు. ఫ్రిజ్జులో గుడ్ల వెనక ఒక సీసా, మేము మరిచిపోయినది, దొరికింది. ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమన్నాయి. అంత చల్లటి సీసా చూసి ఎన్నాళ్ళయిందో, నాకు ఏడుపొచ్చింది. సీసాతో పాటే దాచిన సిరంజితో సూది వేశాను. సీసా తీసుకుపోయి శాంతమ్మ మళ్ళీ ఫ్రిజ్జులో పెట్టింది. కాసేపటికి కరెంటు వచ్చింది. కళ్యాణి లేచి కూర్చుని, ఆకలన్నది. దాని బుగ్గలు వెచ్చగా ఉన్నాయి. హాల్లో దివాను మీద దాన్ని ఆనించుకుని కూర్చున్నాను. ఇంక ఆ ఇంట్లో అడుగు పెట్టేది లేదని గట్టిగా అనుకున్నాను.

"పాపకు పెరుగన్నం కలుపుతా" అంటూ శాంతమ్మ వంటింట్లోకి పోయింది. ఫ్రిజ్జు తలుపు తీసిన చప్పుడు.

"మునిలక్ష్మీ... ఇదేందే? మోటారు తిరగతా ఉండాది, లోపల అంతా వెచ్చగా ఉండాది..."

ఉన్న ఒక్క సీసా అందులోనే ఉంది. లేవబోయాను. కళ్యాణి నా చీర పట్టుకుంది. తనకూ నాకూ మధ్య ఉన్న కాస్త జాగాను అరచేత్తో మెల్లగా దులిపింది, పడుకునే ముందు అవ్వ చాప దులిపినట్టే.

"అమ్మా, ఇంకొంచెం జరుగు."

"ఎందుకే... చోటుంది కదా నీకు?"

"నాకుండాది. అవ్వకే చాల్లేదంట."

నేను జరిగాను.