చిన్నప్ప కుడికాలు

పాస్కు పండుగకు, అంటే ఈస్టరుకు, ముందు శనివారం. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్న ఇన్నయ్యకు అప్పుడే కోపం వచ్చేసింది. ఆయనకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. తమ ఊరు నూజెండ్ల చెడుగుడు జట్టు ఉంటే చాలు.

"ఏడుగురంట, ఏడుగురు! ఒకడికి కూత నిలవదు, ఒకడికి కాలు నిలవదు. ఆ నాగూర్ వలికి పట్టు చానా గట్టిది, కాదన్ను. కానీ ఏందా తొందర? అవతలోడు గీత దాటకముందే మీద పడతాడు. ఇక ఐజాక్ సంగతి చెప్పనే అక్కర్లా. వాడు కూతకు పోతా కూడా జనంలో ఎవరు చూస్తన్నారా అని చూసుకుంటాడు!"

లోపల పొయ్యి ఊదుతున్న ఆరోగ్యమ్మ విసుక్కుంది. "ఏమయ్యా, ఆ పుల్ల నమిలి మొహం కడుక్కుంటావా, జట్టునంతా నమిలి ఉమ్మేసిందాకా లేవవా?"

ఇన్నయ్య తాపీ మేస్త్రి. గోడ కడితే గుండు తాడుకు వెంట్రుకవాసి తేడా రానివ్వడు. మనుషుల్ని కూడా ఆ గుండు తాడుతోనే కొలుస్తాడు, అదే వచ్చిన చిక్కు. నూజెండ్ల జట్టు ఒకప్పుడు వరసగా ఐదేళ్ళు పాస్కు షీల్డు గెలిచింది. ఆ పాత ఏడుగురిలో ముగ్గురు సాగరు డ్యాం పనికి పోయారు, ఒకడు పోలీసుల్లో చేరాడు, ఇద్దరికి నడుములు పోయాయి. మిగిలింది యోహాను మాస్టారు ఒక్కడే. పాపం ఆయనే బడి వదిలాక కుర్రాళ్ళను పోగేసి, తానూ ఒకడై ఆడుతూ మళ్ళీ జట్టు కడుతున్నాడు. కట్టడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. రెండేళ్ళూ షీల్డు ఆటలో ఓడిపోయారు. ఓడిన ప్రతిసారీ ఎవడిలో ఏ లోపం ఉందో ఊరందరి ముందూ చెప్పేది ఇన్నయ్యే. ఆయన చెప్పింది తప్పని ఎవరూ అనలేరు. ఎందుకంటే తప్పయ్యేది కాదు.

మొన్న క్రిస్మస్ ఆటలో ఓడిపోయినప్పుడు ఆ నోరు కన్నకొడుకు మీదికే లేచింది. చర్చి గుడి మెట్ల దగ్గర ముప్పై నలభై మంది చేరి ఉండగా ఇన్నయ్య చెయ్యెత్తి అరిచాడు. "తీసెయ్యండి మాస్టారూ ఆ చిన్నప్పను! నా కడుపున పుట్టాడని ఉంచుతారా ఏంది? వెనక్కి తిరిగేటప్పుడు ముసలి గొడ్డు తిరిగినట్టు తిరుగుతాడు. వాణ్ణి ఉంచుకుంటే మనకొచ్చేది షీల్డు కాదు, చిప్ప!"

చిన్నప్ప జనంలోంచి బయటికి నడిచాడు. ఒంటి మీద మట్టయినా కడుక్కోకుండా బొల్లాపల్లి వెళ్ళిపోయాడు, మేనమామ రాయప్ప ఇంటికి. మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. మేనల్లుడు అమ్మమ్మ ఊరి తరఫున ఆడొచ్చని ఆ చుట్టుపక్కల ఆనవాయితీ. ఆడితే ఎవరూ తప్పు పట్టరు. కానీ అమ్మమ్మ ఊరి తరఫున సొంత ఊరి మీదే ఆడినవాడు ఇప్పటిదాకా లేడు. పాస్కు మర్నాడు సోమవారం మధ్యాహ్నం బొల్లాపల్లితో జరిగే షీల్డు ఆటలో చిన్నప్ప ఆ పనే చేయబోతున్నాడు.

ఇన్నయ్య మొహం కడుక్కుని చద్దన్నం ముందు కూర్చున్నాడో లేదో, యోహాను మాస్టారూ నాగూర్ వలీ వచ్చారు. ఇద్దరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి.

"అన్నా, మనోడు మొన్న వినుకొండ జట్టులో ఐదుగురిని ఒక్కడే అవుట్ చేశాడంట," అన్నాడు మాస్టారు. "వాణ్ణి ఎట్టా పట్టాలో నువ్వే చెప్పాల."

ఇన్నయ్య ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. ఒకసారి లోపలికి చూశాడు. పొయ్యి దగ్గర చప్పుడు ఆగిపోయింది.

"చెప్పడులే మాస్టారూ," అన్నాడు వలి. "ఎంతైనా కొడుకు గదా మామకు."

అంతే, ఇన్నయ్య ఒళ్ళు మండిపోయింది. "ఎవడ్రా చెప్పనిది? నాకు కొడుకైనా ఒకటే, కొండమీద కోతైనా ఒకటే! విను. తిరిగేటప్పుడు వాడి కుడి మోకాలు సరిగా వంగదు. బరువంతా ఎడమకాలు మీద మోపి తిరుగుతాడు. కుడికాలు అర క్షణం వెనకాలే ఉండిపోతది. అప్పుడు ఇద్దరు దూకి మడమ కాడ పట్టుకోండి. నువ్వు మాత్రం ముందే దూకి చావబాక. తిరిగిందాకా ఆగు. అర్థమైందా?"

వాళ్ళు అరుగు దిగారో లేదో ఆరోగ్యమ్మ గడపలోకి వచ్చింది. చేతిలో గరిటె ఆయన వైపు ఎత్తింది.

"అంతా చెప్పావు, ఒక్కటి మర్చిపోయావే! ఆ మోకాలు ఎందుకు వంగదో కూడా చెప్పాల్సింది!"

"ఏమే, నువ్వు లోపలికి పో."

"పోను! పదకొండేళ్ళ పిల్లోణ్ణి బడి మానిపించి, నెత్తిన సున్నం తట్ట పెట్టి పరంజా ఎక్కించింది ఎవరయ్యా? పైనుంచి పడి నెల రోజులు మంచాన ఉంటే, 'చూసి అడుగెయ్యాల్సింది' అన్నావు. అన్నావా లేదా?"

"నేను తోశానా వాణ్ణి?"

"అప్పుడు తొయ్యలా. ఇప్పుడు తోశావు!" ఆమె గరిటె గడపకేసి కొట్టింది. "అందరి ఆటా తప్పేనంటావు. నువ్వు ఒక్కనాడన్నా గీత దాటావా? కూతెడితే పది లెక్కబెట్టేలోపల దగ్గొచ్చి కూలబడేవాడివి. ఊళ్ళో ఎవరికి తెలియదు?"

ఇన్నయ్య చేతికందిన చెంబు తీసి వాకిట్లోకి విసిరాడు. అది దొర్లుకుంటూ పోయి కోళ్ళగంప దగ్గర ఆగింది. ఆరోగ్యమ్మ దాన్ని తీయలేదు. ఇన్నయ్యా తీయలేదు. ఆదివారం పాస్కు పూజకు ఇద్దరూ పది గజాల ఎడంతో నడిచి వెళ్ళారు, అట్లాగే తిరిగొచ్చారు.

అయినా ఆ మాటలు ఇన్నయ్యను కుదురుగా ఉండనివ్వలేదు. సాయంత్రం యోహాను మాస్టారి ఇంటివైపు బయలుదేరాడు. ఆ కుడికాలి సంగతి వదిలేయమని, ఇంకేదన్నా చూసుకోమని చెప్పాలన్నది ఆయన ఉద్దేశం. దారి పొడవునా ఆ మాటే మనసులో అనుకుంటూ నడిచాడు. తీరా వెళ్ళేసరికి పెరట్లో వలీ ఐజాకూ మడమ పట్టు సాధన చేస్తున్నారు. ఐజాక్ పిక్క పట్టుకుంటున్నాడు. ఇన్నయ్య చూస్తూ ఊరుకోలేకపోయాడు. "పిక్క కాదురా మొద్దూ, జారిపోతది! మడమ! ఇట్టా!" అని కిందికి వంగి తానే చూపించాడు. చీకటి పడేదాకా సరిచేసి, చెప్పదలచుకున్న మాట చెప్పకుండానే ఇంటికొచ్చాడు.

సోమవారం గుడి పక్క మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. బొల్లాపల్లి వాళ్ళు రెండు బండ్ల మీద వచ్చారు. చిన్నప్ప పంచె గోచీ పోసి గీత దగ్గర నిలబడ్డాడు. తండ్రి ఎక్కడున్నాడో చూశాడు, తల తిప్పుకున్నాడు. కాస్త చిక్కాడని ఇన్నయ్యకు అనిపించింది.

చిన్నప్ప కూత మొదలుపెట్టాడు. లోపలిదాకా వచ్చి, ఎవరినీ తాకకుండానే వెనక్కి తిరగబోయాడు. కుడికాలు వెనక ఉండిపోయింది. వద్దనుకుంటూనే ఇన్నయ్య నోరు అరిచేసింది: "కాలు! వలీ, కాలు!"

వలీ ఐజాకూ ఒక్కసారే దూకారు. మడమ ఉండాల్సిన చోట మడమ లేదు. కదలదనుకున్న ఆ కాలు పైకి లేచింది. బోర్లా పడిన ఇద్దరి వీపులనూ తాకింది. ఎడమకాలి మీద ఒక్క గెంతు గెంతి చిన్నప్ప గీత అవతల పడ్డాడు. కూత ఆగలేదు. ఇద్దరూ అవుట్!

ఏదో అదృష్టం అనుకున్నారు జనం. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి యోహాను మాస్టారే దూకి మట్టి కరిచాడు. షీల్డు బొల్లాపల్లి బండెక్కింది. నాగూర్ వలి మోచేతుల మట్టి దులుపుకుంటూ అందరూ వినేట్టు అరిచాడు. "నీ మాట నమ్మి మునిగాం మామా! ఈసారి నోరు మూసుకుని కూర్చో!"

ఇన్నయ్య జీవితంలో మొదటిసారి ఒక ఆటగాడి విషయంలో ఆయన లెక్క తప్పింది. నిప్పులు తొక్కినట్టు ఇంటికొచ్చి గుమ్మంలోంచే కేకేశాడు. "నీ పుట్టింటోళ్ళు గెలిచారు, సంతోషమేనా? నేను మాస్టారికి చెప్పిన సంగతి వాడికి నువ్వే మోశావు గదా!"

ఆరోగ్యమ్మ ఆటకు వెళ్ళలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అరవలేదు.

"నువ్వు చెప్పింది శనివారం. నేను బొల్లాపల్లిలో మా అమ్మను చూడబోయింది గురువారం. ఆ రోజే వాడు నాతో అన్నాడు, 'నా కుడికాలు సంగతి నాయన వాళ్ళకు చెప్తాడమ్మా. వాళ్ళు దాని మీదికే దూకుతారు. మూడు నెలల నుంచీ ఆ కాలు లేపటమే సాధన చేస్తన్నా, గెలుస్తా' అని. నాయన చెప్పకపోతే ఏం చేస్తావురా అన్నా."

"ఏమన్నాడు?"

"'చెప్పకపోతే నా ఎత్తు పారదు, ఓడిపోతా. ఓడిపోయి సంతోషంగా మనింటికి వస్తా' అన్నాడు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు ముందే చెబుదామనుకున్నా. నీ అంతట నువ్వే ఊరుకుంటావేమోనని చూశానయ్యా. వాడూ అదే చూశాడు."

ఇన్నయ్య అరుగు మీద కూలబడ్డాడు. అందరి లోపాలూ తనకు తెలుసనుకున్నాడు. తన లోపం కొడుకుకు తెలుసు. దాని మీద మూడు నెలలు సాధన చేశాడు, ఆ అంచనా తప్పు కావాలని కోరుకుంటూనే చేశాడు. నోరు జారిన ప్రతి మాటా గుర్తొచ్చింది. పరంజా కింద సున్నంలో పడి ఏడుస్తున్న పిల్లవాడు గుర్తొచ్చాడు. ఆ రోజు వాడికి దెబ్బ ఎక్కడ తగిలిందని కూడా తాను అడగలేదు. ఇన్నయ్య కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. ఉన్నపళంగా లేచి మైదానం వైపు పరుగెత్తాడు.

బండ్లకు ఎద్దులు కడుతున్నారు. రాయప్ప షీల్డు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. "ఏంది బావా, ఇంకా ఏమన్నా తప్పు మిగిలిందా చెప్పటానికి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇన్నయ్య తీర్పు కోసం చెవులు రిక్కించారు. బండి చివర కూర్చున్న చిన్నప్ప దవడలు బిగించాడు.

ఇన్నయ్య రాయప్పను దాటుకుని కొడుకు దగ్గరికి వెళ్ళాడు. కాలి వైపు చూస్తూ అన్నాడు, "మోకాలు... నొప్పిగా ఉందారా?"

చిన్నప్ప ఆ మాట ఊహించలేదు. "కొంచెం," అన్నాడు చిన్నగా.

"నేనే చెప్పానురా మాస్టారికి."

"తెలుసు నాయనా."

"పరంజా ఎక్కించింది కూడా నేనే." ఇన్నయ్య బండి పక్కన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కుడికాలిని రెండు చేతులతో పట్టుకుని బావురుమన్నాడు. పట్టుకోమని ఊరందరికీ నేర్పిన కాలు అది.

"వదులు నాయనా, అందరూ చూస్తన్నారు."

"చూడనీ."

చిన్నప్ప వంగి తండ్రి చేతులు విడిపించాడు. బండి దిగాడు. "మామా, మీరు పోండి. అమ్మ ఎదురు చూస్తా ఉంటది," అన్నాడు. రాయప్ప ఎద్దుల్ని అదిలించాడు.

తండ్రీ కొడుకులు ఇంటిదారి పట్టారు. చిన్నప్ప కాస్త కుంటుతున్నాడు. ఇన్నయ్య నడక తగ్గించి పక్కనే నడిచాడు. వాకిట్లో ఆరోగ్యమ్మ మూడు రోజులుగా పడి ఉన్న చెంబు తీసి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ముంచి పెట్టింది. అరుగు దగ్గర ఇన్నయ్య ఇక ఆగలేక, "ఆ మూడో కూతలో నువ్వు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"ఏంది నాయనా?"

"ఏం లేదురా. అక్కడ మెట్టుంది, చూసి ఎక్కు."